పడావును అడవిగా చదివిన చూపు: హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ రచనలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య సాగించిన క్షేత్రపరిశోధన తెలంగాణ ఆదివాసీ అధ్యయనాలకు నేటికీ ప్రధాన ఆకరం. అయితే ఆ పరిశోధన ఫలితాలు రెండు వేర్వేరు తావుల్లో వెలువడ్డాయి. గోండుల దేవుళ్ళు ఒక గ్రంథంలోకి, భూములు ఒక ప్రభుత్వ నివేదికలోకి చేరాయి. ఈ విభజన వల్ల ఆదివాసుల అటవీ పోషణ కేవలం ఆచారంగా మిగిలి, భూమిహక్కుతో దానికున్న ముడి మరుగున పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవలను ఈ రచనల పక్కన పెట్టి పరిశీలిస్తుంది.

కీలక పదాలు: హైమన్‌డార్ఫ్, రాజ్‌గోండులు, కొలాములు, పడావు, మార్లవాయి, కొమురం భీం, కవ్వాల్.

ఒక క్షేత్రం, రెండు పుస్తకాలు

1948లో లండన్‌లోని మాక్మిలన్ సంస్థ ప్రచురించిన 'ది రాజ్‌గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' గ్రంథానికి రెండు ఉపశీర్షికలున్నాయి. మొదటిదాని అర్థం 'దక్కనులోని ఒక రైతు సంస్కృతి'. రెండవదాని అర్థం 'మొదటి సంపుటి: పురాణం, కర్మకాండ'. రైతు సంస్కృతి అని అట్ట మీద ప్రకటించి, లోపల పురాణంతో మొదలుపెట్టిన ఈ గ్రంథానికి అదే పేరుతో రెండవ సంపుటి రాలేదు. గోండుల సమాజ వ్యవస్థను, ఆర్థిక జీవితాన్ని విస్తారంగా చర్చించే 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' కోసం పాఠకులు 1979 దాకా ఆగవలసి వచ్చింది. ఈ ముప్పయ్యేళ్ళలో ఆదిలాబాద్‌లో ఎవరి భూమి ఎవరి చేతికి పోవాలో చాలామేరకు పోనే పోయింది.

1948 నాటికి గోండుల భూమి సమస్య హైమన్‌డార్ఫ్‌కు తెలియదని అనడానికి వీల్లేదు. మూడేళ్ళ ముందే, 1945లో, హైదరాబాద్ రాజ్య రెవెన్యూ శాఖ అతని నాలుగు నివేదికలను 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో అచ్చువేసింది. అటవీ హద్దుల నిర్ణయం, గూడేల ఖాళీ, పట్టాలు లేని సాగు, బాబెఝరి-జోడేఘాట్ సంఘటన అన్నీ అందులో ఉన్నాయి. ఆ నివేదికల భాష సూటిగా ఉంటుంది. అధికారులకు నచ్చని మాటలు కూడా అందులో ఉన్నాయి. దేవుళ్ళను గురించి రాసిన మనిషీ, భూముల గురించి రాసిన మనిషీ ఒకరే. తిరిగిన గూడేలు అవే, మాట్లాడిన పెద్దలు వాళ్ళే. అయినా విద్వత్ ప్రపంచానికి ఒక పుస్తకం, కచేరీకి ఇంకో పుస్తకం తయారయ్యాయి.

తెలుగులో హైమన్‌డార్ఫ్ మీద వచ్చిన రచనలు ఎక్కువగా అతని జీవితాన్ని, మార్లవాయి పట్ల అతని మమకారాన్ని కీర్తించేవి. ఆ కీర్తికి అర్హుడు కాడని ఎవరూ అనరు. కానీ ఒక రచయితను ఆరాధించడం వేరు, అతని రచనను చదవడం వేరు. రెండు పుస్తకాలుగా విడిపోయిన ఆ క్షేత్రాన్ని మళ్ళీ ఒకటిగా చదివినప్పుడు తేలేదేమిటన్నది ఇక్కడి ప్రశ్న.

'మారుమూల' అనే మాట

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. అక్కడే మానవశాస్త్రం చదివి, లండన్‌లో మాలినోవ్‌స్కీ దగ్గర శిక్షణ పొందాడు. 1936-37లో నాగా కొండల్లో తిరిగి, ఆ అనుభవాన్ని 'ది నేకెడ్ నాగాస్'గా రాశాడు. రెండవ ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు అతను భారతదేశంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశీయుడయ్యాడు. ఆ పరిస్థితిలో హైదరాబాద్ రాజ్యం అతనికి చోటిచ్చింది. అతను 1940లో నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత పాపికొండల రెడ్ల దగ్గరికి, 1941 నుంచి ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్ళాడు. భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ యాత్రలన్నిటిలో సహచరి, సహపరిశోధకురాలు. అంటే ఆదిలాబాద్ పరిశోధనకు పుట్టుక శాస్త్రజిజ్ఞాసలో కొంత ఉంటే, యుద్ధం గీసిన సరిహద్దుల్లో మరికొంత ఉంది. కదలికకు అనుమతి కావలసిన పరిశోధకుడు, అడవిలో కదలికకు అనుమతి కావలసి వచ్చిన ప్రజల మధ్యకు వెళ్ళాడు. ఈ పోలిక అతని పుస్తకాల్లో ఎక్కడా ప్రస్తావనకు రాకపోవడం ఆలోచించదగిన విషయం.

శాస్త్రీయ యాత్రారచన అనే ప్రక్రియకు యూరప్‌లో బలమైన సంప్రదాయం ఉంది. 1799-1804 మధ్య దక్షిణ అమెరికాలో తిరిగిన హంబోల్ట్, 1854-62 మధ్య మలయ ద్వీపాల్లో తిరిగిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఆ సంప్రదాయానికి పెద్దలు. వానచుక్క ఆగని దట్టమైన అడవి, అందులోకి దారి చేసుకుంటూ వెళ్ళే శాస్త్రవేత్త ఆ రచనల మూలచిత్రం. వాలెస్ సేకరించిన పక్షుల్లో చాలావాటిని వేటాడి, చర్మం ఒలిచి భద్రపరిచినవాడు సారవాక్‌కు చెందిన అలీ అనే యువకుడు. అతని పేరు పుస్తకంలో ఉంది, పుస్తకం మాత్రం వాలెస్‌ది. తెలిసినవాడు ఒకడు, రాసినవాడు ఇంకొకడు అన్న ఈ అమరిక యాత్రారచనకు పుట్టుకతో వచ్చింది.

ఆదిలాబాద్ అడవికి ఈ మూలచిత్రం అతకదు. అది వానాకాలం పచ్చబడి ఎండాకాలం ఆకురాల్చే టేకు, మద్ది, ఇప్ప చెట్ల అడవి. దాన్ని మారుమూల అనడం కూడా కష్టమే. గోండు రాజులు 1751లో మరాఠాలకు ఓడిపోయేదాకా చాందాను ఏలారు. సిర్పూర్, మాణిక్‌గఢ్ కోటలు వాళ్ళ పాలనను గుర్తుచేస్తాయి. హైమన్‌డార్ఫ్ వచ్చేనాటికే కాజీపేట-బల్లార్షా రైలుమార్గం ఆ జిల్లాను చీల్చుకుంటూ పోతోంది. అడవిలోని వెదురు మీద ఆధారపడి సిర్పూర్ కాగితం మిల్లు వెలిసింది. గోదావరికి దక్షిణాన కరీంనగర్ వైపు నుంచి తెలుగు రైతులు, ఉత్తరాన బేరార్ వైపు నుంచి మరాఠీ రైతులు వచ్చి మైదానంలోని నల్లరేగడిలో స్థిరపడుతున్నారు. గోండులు కొండల్లోకి జరిగింది అందుకే. ఆ ఒత్తిడి తర్వాత మిగిలిన చోటును 'మారుమూల' అని పిలిస్తే, కారణం దాగిపోయి ఫలితం మాత్రం భూగోళ స్వభావంలా కనబడుతుంది. హైమన్‌డార్ఫ్ నివేదికల్లో ఈ వలసల వివరం ఉంది. పురాణాల గ్రంథంలో అది నేపథ్యానికి తగ్గిపోయింది.

పడావు

హైమన్‌డార్ఫ్ రచనల్లోకెల్లా విలువైన పరిశీలన ఏ దేవతకు సంబంధించినదీ కాదు. అది విత్తకుండా వదిలేసిన చేనుకు సంబంధించినది.

గోండులు నాగలి పట్టిన రైతులు. కొండ దిగువన ఉన్న బరువైన నల్లరేగడిలో ఏటా జొన్న వేసేవారు. వాలుల మీది తేలిక నేలల్లో మాత్రం రెండు మూడేళ్ళు పంట తీసి, నేల సారం తగ్గగానే దాన్ని పడావు పెట్టి పక్క చెలకకు మారేవారు. కొన్నేళ్ళకు మొదటి చెలక మీద తుప్పలు, చిన్న చెట్లు లేస్తాయి, నేల కోలుకుంటుంది, అప్పుడు మళ్ళీ అక్కడికే వస్తారు. కొలాములు, నాయకపోడులు కొండ నెత్తిన చేసే పోడు కూడా ఇలా తిరిగి వచ్చే పద్ధతే. అయితే వాళ్ళది నాగలి లేని సాగు. భూమి అపారంగా, మనుషులు తక్కువగా ఉన్నంతకాలం ఈ చక్రం నడిచింది. ఒక చెలక ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. పట్టా కాగితం అవసరం లేకపోయింది. ఉన్న కాగితం కూడా చాలామందికి శివాయి జమాబందీ కిందిది. అంటే ఏటికేడు శిస్తు కట్టి దున్నుకునే తాత్కాలిక అనుమతి.

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల్లో నిజాం ప్రభుత్వ అటవీశాఖ రిజర్వు హద్దులు గీయడం మొదలుపెట్టింది. సర్వే చేసే మనిషి ముందు రెండు రకాల నేల కనబడింది. నాగలి చాళ్ళున్న నేలను సాగుగా, తుప్పలున్న నేలను అడవిగా రాసుకున్నాడు. పడావు పెట్టిన చెలకలు ఆ విధంగా రిజర్వులోకి పోయాయి. మూడేళ్ళ తర్వాత తన చెలకకు తిరిగి వచ్చిన గోండు, కాగితం ప్రకారం అడవిని ఆక్రమించుకున్న నేరస్థుడయ్యాడు. జరిమానాలు, గుడిసెలు తగలబెట్టడం, గూడేలను ఖాళీ చేయించడం ఈ ఒక్క తప్పు పఠనం నుంచే పుట్టుకొచ్చాయి. దీన్ని హైమన్‌డార్ఫ్ గుర్తించాడు. గుర్తించి ప్రభుత్వానికి చెప్పాడు. అతని సాహసం నిజంగా ఇక్కడుంది.

ఇక్కడొక పోలిక అవసరం. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో కిస్సిదుగు ప్రాంతం మీద జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ 1996లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధమైనది. గడ్డిమైదానం మధ్య ఊళ్ళ చుట్టూ ఉన్న చిన్న చిన్న అడవి ముక్కలను, ఒకప్పటి మహారణ్యంలో జనం నరకగా మిగిలిన శేషాలని వలసపాలకులు, తర్వాతి అధికారులు దశాబ్దాల పాటు నమ్మారు. ఊరిపెద్దల మాటలనూ, పాత విమాన ఛాయాచిత్రాలనూ కలిపి చూసినప్పుడు ఆ అడవి ముక్కలను పెంచింది ఆ ఊళ్ళవాళ్ళేనని తేలింది. ఆదిలాబాద్‌లో జరిగింది అచ్చంగా అదే కాదు. గోండులు చెట్లు నాటి అడవులు పెంచారని చెప్పే ఆధారాలేవీ హైమన్‌డార్ఫ్ ఇవ్వలేదు. అలా చెప్పడం అనవసరం కూడా. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది చదవడంలోని లోపం. మనిషి పని చేసిన జాడ నాగలి చాలు రూపంలోనే ఉంటుందని అధికారి నమ్మాడు. పని ఆపడం కూడా ఒక పనేనని, నేలకు ఇచ్చిన విరామం దాని యజమాని చేసిన నిర్ణయమని అతనికి తోచలేదు.

ఆదివాసుల ప్రకృతి పరిరక్షణ గురించిన చర్చ సాధారణంగా పవిత్ర వనాల వైపు, చెట్టుపూజల వైపు పోతుంది. ఆదిలాబాద్ విషయంలో ఆ చర్చ మొదలు కావలసింది పడావు దగ్గర. ఎప్పుడు దున్నాలి, ఎప్పుడు వదలాలి, ఎన్నేళ్ళకు తిరిగి రావాలి అన్న లెక్కలోనే అడవిని, నేలను నిలబెట్టే తెలివి ఉంది. అందులో మహిమ ఏమీ లేదు, వ్యవసాయజ్ఞానం ఉంది. ఆదివాసిని 'ప్రకృతి సంరక్షకుడు' అని పొగిడే వాక్యంలో ఒక షరతు దాగి ఉంటుంది. సంరక్షించినంతకాలమే హక్కు, ఒక చెట్టు కొడితే హక్కు పోయినట్టే. రైతుకు ఇలాంటి షరతు ఎవరూ పెట్టరు. కరీంనగర్ రైతు తన చెలక గట్టు మీది తుమ్మచెట్టు కొడితే భూమి పట్టా రద్దు కాదు. 1948 నాటి అట్ట మీది 'రైతు సంస్కృతి' అనే మాట విలువ ఇక్కడ తెలుస్తుంది. ఆ మాటను ఆ గ్రంథం చివరిదాకా మోసి ఉంటే బాగుండేది.

దేవుళ్ళ పుస్తకంలో భూమి

మోయలేదని అనడానికి ఆధారం ఆ గ్రంథంలోనే ఉంది. గోండుల నాలుగు సగల వ్యవస్థ, పేర్సపేన్ ఆరాధన, ప్రధానులు కిక్రీ వాయిస్తూ వినిపించే వంశగాథలు అందులో అపురూపమైన శ్రద్ధతో నమోదయ్యాయి. ఆ శ్రద్ధకు సాటి రాగల పుస్తకం తెలంగాణ ఆదివాసుల మీద ఇంకొకటి లేదన్నా అతిశయోక్తి కాదు. కానీ ప్రతి కర్మకాండా మతంగా, మతం మాత్రంగా వివరణ పొందింది. వాటిలో చాలావాటిని భూమి నిబంధనలుగా కూడా చదవవచ్చు.

కొలాముల స్థానాన్నే తీసుకోవచ్చు. గోండులు వాళ్ళను పూజారులుగా గౌరవిస్తారు. కొండకు, నేలకు చెందిన స్థానిక దేవతల పూజను చాలాచోట్ల కొలాము చేతనే చేయిస్తారు. నాగలి, పశువులు, పూర్వపు రాజ్యం అన్నీ ఉన్న గోండు, ఏమీ లేని కొలామును ముందుకు రమ్మనడం వింతగా కనిపిస్తుంది. హైమన్‌డార్ఫ్ దీన్ని రెండు తెగల మతసంబంధంగా వివరించాడు. ఆ కొండకు ముందుగా వచ్చినవాడు కొలాము అన్న చారిత్రక అంగీకారం అందులో ఉందని చూస్తే, ఆ పూజ ఒక రకమైన భూమి దస్తావేజుగా కనబడుతుంది. తర్వాత వచ్చినవాడు ముందున్నవాడి అనుమతి ఏటేటా అడుగుతున్నాడు. కరీంనగర్ నుంచో, బేరార్ నుంచో వచ్చిన రైతు అలాంటి అనుమతి ఎవరినీ అడగలేదు. పట్వారీ కాగితం అతనికి చాలింది.

విత్తనాలు వేయకముందు వాటిని ఊరి దేవుడు అకిపేన్ ముందు ఉంచడం, కొత్త పంటను దేవుడికి పెట్టనిదే నోట పెట్టుకోకపోవడం కూడా ఇలాంటివే. ఈ రెండవ ఆచారం గోదావరికి ఇవతల తెలుగు రైతులకు 'కొత్తలు' పేరుతో పరిచితమే. అందరూ ఒకే రోజున మొదలుపెట్టాలన్న నియమం ఊరి మొత్తాన్ని ఒక కాలపట్టికకు కట్టేస్తుంది. ముందుగా చేజిక్కించుకునే ఆశకు కళ్ళెం వేస్తుంది. ఈ వివరాలన్నీ గ్రంథంలో ఉన్నాయి, వాటి భూమి సంబంధమైన అర్థం మాత్రం ఇంకో పుస్తకానికి వాయిదా పడింది.

మెస్రం వంశీయుల నాగోబా పూజ ఈ కోణంలో మరింత స్పష్టమైన ఉదాహరణ. పుష్య మాసంలో మెస్రం కుటుంబాలు కేస్లాపూర్ నుంచి కాలినడకన బయలుదేరి, జన్నారం దగ్గరి కలమడుగు సమీపంలోని హస్తినమడుగుకు వెళ్ళి, గోదావరి జలం తీసుకుని వెనక్కి వస్తాయి. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. అమావాస్య రాత్రి ఆ జలంతో అభిషేకం జరిగాక జాతర మొదలవుతుంది. ఏటా కొండ నుంచి నది దాకా, నది నుంచి కొండ దాకా నడిచే ఈ దారిని పటం మీద గీస్తే అది మెస్రంల ప్రాదేశిక జ్ఞాపకం. ఏ ఊరి దగ్గర ఆగాలి, ఏ చెట్టు కింద బస చేయాలి అన్నది వాళ్ళకు పుస్తకం చూసి తెలిసే విషయం కాదు. యాత్రికుడైన శాస్త్రవేత్త ఒకసారి నడిచి రాసుకున్నాడు. వీళ్ళు తరతరాలుగా నడుస్తూనే ఉన్నారు. రెండూ క్షేత్రయాత్రలే.

ప్రధానుల గాథల సంగతి ఇంకొంచెం చిక్కైనది. ప్రధాను తన పోషక వంశం కోసం, వాళ్ళ పేర్సపేన్ సన్నిధిలో ఆ గాథను వినిపిస్తాడు. ఎవరి కోసం, ఎప్పుడు, ఎక్కడ అన్నవి గాథలో భాగాలే. అచ్చులోకి వచ్చేసరికి గాథ మిగిలి ఈ మూడూ వివరణలయ్యాయి. సేకరణకు ఇది తప్పనిసరి మూల్యమని వాదించవచ్చు, నిజమే కావచ్చు. ఆ మూల్యం చెల్లించింది ఎవరన్నది మాత్రం అడగాలి.

లిపి విషయంలో ఇలాంటి ప్రశ్నే మరింత పదునుగా నిలుస్తుంది. 1943లో మార్లవాయిలో ప్రారంభమైన గోండు విద్యా పథకం గోండీ యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దింది. గోండీ వాచకాలు తెచ్చింది. ఆ కాలానికి అది అసాధారణమైన పని. ఆ వాచకాలకు ఎంచుకున్నది దేవనాగరి. ఆరు దశాబ్దాల తర్వాత, మార్లవాయికి పెద్ద దూరంలో లేని నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండీ భాషకు సొంత లిపిలో రాసిన ప్రతులు బయటపడ్డాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో స్థానం దక్కింది. గోండులు మౌఖిక సంస్కృతి గలవాళ్ళన్న నమ్మకం ఎంత బలమైనదంటే, పక్క మండలంలోని రాత వాచకాల రూపకల్పనలోకి రాలేకపోయింది. పడావును అడవిగా చూసిన సర్వే మనిషి చూపుకూ ఈ చూపుకూ ఉద్దేశంలో పోలిక లేదు. ఒకటి లాక్కునేది, ఒకటి ఇచ్చేది. పద్ధతిలో మాత్రం కొంత చుట్టరికం ఉంది. కనబడాల్సిన రూపంలో కనబడనిదాన్ని రెండూ లేనిదిగానే లెక్కించాయి.

నవలలో భీం

'ట్రైబల్ హైదరాబాద్'లో కొమురం భీం పోరాటం ఒక పాలనా వైఫల్యానికి ఉదాహరణగా వస్తుంది. అటవీ అధికారులు బాబెఝరి ప్రాంతంలో సాగును అడ్డుకోవడం, అర్జీలు పనిచేయకపోవడం, చివరకు 1940లో జోడేఘాట్‌లో కాల్పులు అన్న క్రమంలో ఆ కథనం సాగుతుంది. అధికారులు సరిగ్గా ప్రవర్తించి ఉంటే ఇది జరిగేది కాదన్నది దాని సారం. నివేదిక అనే ప్రక్రియ అంతకు మించి చెప్పలేదు. సంస్కరణ కోరే రచనకు పాఠకుడు ప్రభుత్వమే కాబట్టి, తిరగబడ్డవాడు అందులో బాధితుడిగానే ఉండగలడు.

నాలుగు దశాబ్దాల తర్వాత అల్లం రాజయ్య, సాహు రాసిన 'కొమురం భీం' నవలలో ఆ బాధితుడు కర్త అయ్యాడు. రాజయ్యది పాత కరీంనగర్ జిల్లా మంథని ప్రాంతంలోని గాజులపల్లి. 'కొలిమంటుకున్నది', 'ఊరు' నవలల్లో కరీంనగర్ రైతాంగ పోరాటాలను చిత్రించిన కలం ఇది. ఆ చూపే గోండు గూడెంలోకి వెళ్ళింది. అందువల్ల హైమన్‌డార్ఫ్ అట్ట మీద మిగిలిపోయిన 'రైతు' ఈ నవలలో లోపలి పుటల్లోకి వచ్చాడు. పశువుల మేతకు బంబ్రాం, వంటచెరకుకు దూపపెట్టి అనే పన్నులు, అటవీ సిబ్బంది దౌర్జన్యం, పట్వారీల మోసం ఇందులో రైతు బతుకు లెక్కలుగా కనిపిస్తాయి. జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలను ఒకే ఊపిరిలో పలకడం వల్ల, రెండు పుస్తకాలుగా విడిపోయిన క్షేత్రం మళ్ళీ ఒకటయ్యే అవకాశం వచ్చింది.

ఆ అవకాశాన్ని నవల సగమే వాడుకుందని చెప్పక తప్పదు. నివేదికలో లేని పోరాట చైతన్యం నవలలో ఉంది కానీ, పురాణ గ్రంథంలో ఉన్న పేన్‌లు, ప్రధానులు, కొలాము పూజారులు ఇక్కడ సంస్కృతి వాతావరణంగా సర్దుకుపోయారు. భూమి రాజకీయం అయింది, దేవుడు అలంకారం అయ్యాడు. కొలాముకు ఆ కొండ మీదున్న తొలిహక్కు, ఆ హక్కును గోండు గుర్తించిన తీరు పోరాట నిర్మాణంలో భాగాలుగా వికసించి ఉంటే నవల ఇంకా లోతుగా ఉండేది. ఇది రచయితల లోపం అనడం కన్నా, ఆనాటి విప్లవ సాహిత్యం మతాన్ని చూసిన పద్ధతిలోని పరిమితి అనడం న్యాయం.

భాష సంగతి కూడా ఉంది. గోండుల పక్షాన నిలబడిన ఈ నవల తెలుగులో ఉంది. గోదావరి దాటి వచ్చి నల్లరేగడి పట్టుకున్నవాళ్ళలో చాలామంది భాషా తెలుగే. తెలుగు విమర్శ ఈ నవలను తన ప్రజాసాహిత్య వారసత్వంగా చెప్పుకునేటప్పుడు ఈ రెండవ వాస్తవాన్ని పక్కన పెట్టకూడదు. కరీంనగర్ రైతు పీడితుడైన కథలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. అదే రైతు ఆదిలాబాద్‌లో ఆక్రమణదారుగా నిలిచిన కథ రాయవలసినంతగా రాయలేదు.

మధ్యలో ఒక రచన ప్రస్తావన దాటిపోయేది కాదు. హైమన్‌డార్ఫ్ సిఫారసుల తర్వాత ఆదిలాబాద్‌లో ప్రత్యేక అధికారిగా పనిచేసి, పట్టాల పంపిణీని నడిపిన సేతుమాధవరావు పగిడి 1949లో 'అమాంగ్ ది గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' ప్రచురించాడు. గోండీ నేర్చుకున్న రెవెన్యూ అధికారి రాసిన పుస్తకం అది. భూమిని కొలిచిన మనిషే పాటలను, మాటలను విన్నాడు. హైమన్‌డార్ఫ్ రచనలకు వచ్చిన పేరులో పదోవంతు కూడా దీనికి రాలేదు. పరిశోధకులు దీన్ని తిరిగి చదవడం అవసరం.

భీం పేరిట రిజర్వు

హైమన్‌డార్ఫ్ 1970లలో మళ్ళీ ఆదిలాబాద్ వచ్చాడు. మైకేల్ యార్క్, జయప్రకాశ్ రావుల తోడ్పాటుతో 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్' అతని పుస్తకాలన్నిటిలోకి చేదైనది. తాను ఇప్పించిన భూములు గోండుల చేతుల్లో నిలవకపోవడాన్ని అందులో నమోదు చేశాడు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన తెలంగాణకు 1963లో వర్తించినా, 1970లో దాన్ని గట్టిపరిచినా ఫలితం పరిమితమే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. దేవుళ్ళకూ భూములకూ మధ్య ఉన్న విభజన ఈ పుస్తకంలో చాలావరకు కరిగింది. అయితే విద్యాలోకం ఎక్కువగా ఉటంకించేది ఇప్పటికీ 1948 నాటి గ్రంథాన్నే.

ఆ ఎంపికకు పర్యవసానాలున్నాయి. 1965లో వన్యప్రాణి అభయారణ్యమైన కవ్వాల్ 2012లో పులుల రిజర్వుగా మారింది. 2024లో దాని లోపలి మైసంపేట, రాంపూర్ గూడేలను కడెం మండలం మద్దిపడగ దగ్గరికి తరలించారు. గుస్సాడీ నృత్యానికి, నాగోబా జాతరకు ఈ కాలంలో ప్రభుత్వ ఆదరణ పెరిగిందే తప్ప తగ్గలేదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆచారానికి సత్కారం, సాగుకు నోటీసు అనే ఈ జోడింపు పాలకుల కపటం వల్లనే పుట్టిందనుకోవడం తేలిక. ఆచారాన్ని భూమి నుంచి విడదీసి చూపిన విద్వత్ సంప్రదాయానికి అందులో వాటా ఎంతన్నది విశ్వవిద్యాలయాలు అడగవలసిన ప్రశ్న.

2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తుదారు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి భూమి తన ఆధీనంలో ఉందని చూపించాలి. పడావు సమస్య ఇక్కడ కొత్త రూపంలో తిరిగి వచ్చింది. ఆ ఏడాది విశ్రాంతిలో ఉన్న చెలక ఉపగ్రహ చిత్రంలో పచ్చగానే కనబడుతుంది. సర్వే మనిషి గొలుసు స్థానంలో ఉపగ్రహం వచ్చినా చదివే పద్ధతి అదే అయితే రాసుకునేదీ అదే.

2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ద్వారా ఆసిఫాబాద్ జిల్లాలో, మహారాష్ట్రలోని తాడోబా అడవికీ కవ్వాల్‌కూ మధ్య పులుల రాకపోకలకు దారిగా ఉన్న అటవీ ప్రాంతాన్ని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. దానికి కుమ్రం భీం పేరు పెట్టింది. ఆదివాసీ సంఘాల నిరసనల తర్వాత జులైలో ఆ ఉత్తర్వును నిలుపుదలలో పెట్టింది. అడవి హద్దు మీద పోరాడి చనిపోయినవాడి పేరును అడవి హద్దుకే పెట్టడం సాధ్యమైందంటే, ఆ పేరు అప్పటికే భూమి నుంచి విడివడి స్మృతిచిహ్నం అయిందని అర్థం. జోడేఘాట్ చుట్టుపక్కల గూడేలు భీం వర్ధంతిని ఆశ్వయుజ పౌర్ణమినాడు తమ తిథి ప్రకారమే జరుపుకుంటాయి.

బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలో ఉంది. హైమన్‌డార్ఫ్ తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉన్నాయి. ఛాయాచిత్రాల్లో చాలావాటిని ఇప్పుడు అంతర్జాలంలో చూడవచ్చు. వాటిలో నృత్యాలు, పూజలు, ముఖాల మీదే పరిశోధకుల దృష్టి నిలిచింది. వెనకాల కనబడే కొండవాలు మీద ఎవరూ పని చేయలేదు. 1940ల నాటి ఆ వాలుల్లో ఏది చెలక, ఏది పడావు, ఏది ఎన్నడూ నాగలి ముట్టని అడవి అన్నది మార్లవాయి, గుంజాల, జోడేఘాట్ పరిసరాల గోండు, కొలాము పెద్దలు చిత్రం చూసి, చోటు చూసి చెప్పగలరు. పరిశోధక విద్యార్థులు ఆ చిత్రాలను చేతపట్టుకుని వాళ్ళతో కలిసి ఆ వాలులు ఎక్కవలసి ఉంది. తాతల చెలకల హద్దులు తెలిసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది.